ఫ్రీగా దొరికింది కదా అని పంచేస్తున్నారా?

నందికొండ హిల్‌కాలనీలో ఒక డీటీపీ షాపు అనుకుందాం. పాత కంప్యూటర్‌లో విండోస్ మొరాయిస్తోంది. మిమ్మల్ని పిలిచారు, మీరు ఉబుంటు ఎక్కించారు. ఓనరు అడుగుతాడు: "తమ్మీ, మన అను ఫాంట్లు గూడ ఇండ్ల ఎక్కియ్యి." మీకు ఐడియా తట్టింది. ఆ ఫాంట్లన్నీ ఒక డెబ్ ప్యాకేజీగా కట్టి గిట్‌హబ్‌లో పెడితే నలుగురికీ పనికొస్తుంది, రెజ్యూమెలో ప్రాజెక్టూ అవుతుంది!

ఒక్క నిమిషం ఆగండి. ప్యాకేజీ కట్టడం గంట పని. పంచే హక్కు మీకుందా? అను ఫాంట్లు డబ్బు పెట్టి కొనే సరుకు. షాపాయన కొన్నది వాడుకునే హక్కు మాత్రమే. ఆ ప్యాకేజీ రెజ్యూమెలో కనిపిస్తే, లైసెన్స్ తెలిసిన ఇంటర్వ్యూయర్‌కు అది మీ మీద ఫిర్యాదులా కనిపిస్తుంది.

ఉచితంగా దొరికేవాటితోనూ ఇదే చిక్కు. మైక్రోసాఫ్ట్ ఒకప్పుడు ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్ ఫాంట్లను ఉచితంగా ఇచ్చింది. షరతు ఏమిటంటే, ఇచ్చిన ఈఎక్స్ఈ ఫైల్‌ను ఉన్నదున్నట్టే పంచాలి, విప్పి వేరే రూపంలో పంచకూడదు. మరి డెబియన్ వాళ్లేం చేశారు? ఫాంట్లు లేని ప్యాకేజీ తయారుచేశారు! మీరు ఇన్‌స్టాల్ చేస్తే అది అసలు ఫైళ్లను నెట్ నుంచి మీ మెషీన్‌కే దించి, అక్కడే విప్పుతుంది. కాబట్టే అది 'మెయిన్'లో లేదు, 'కాంట్రిబ్' విభాగంలో ఉంది. నాకైతే ఏ కోడింగ్ ట్రిక్ కన్నా ఇదే ముచ్చటేస్తుంది.

అనుమతి ఉన్నా, అది ఎప్పటికీ ఉంటుందన్న గ్యారంటీ లేదు. లైనక్స్ వాళ్లు జావాను ప్యాక్ చేసుకోవడానికి సన్ కంపెనీ 2006లో ప్రత్యేక లైసెన్స్ ఇచ్చింది. సన్‌ను కొన్న ఒరాకిల్ 2011లో దాన్ని ఆపేసింది. డెబియన్, ఉబుంటు ఆ ప్యాకేజీని వదులుకుని ఓపెన్‌జేడీకేతో సరిపెట్టుకున్నాయి.

ఇప్పుడు మన తెలుగు వైపు చూడండి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు జీపీఎల్ కింద వచ్చాయి కాబట్టే డెబియన్‌లోకి చేరాయి. గోలకొండ పత్రిక నడిపిన మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరుతోనూ ఒక ఫాంట్ ఉంది, 'సురవరం'. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. దానిది ఓఎఫ్ఎల్ లైసెన్స్: వాడొచ్చు, మార్చొచ్చు, వేరే సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మొచ్చు కూడా. ఫాంట్‌ను ఒక్కదాన్నే అమ్మకూడదు, లైసెన్స్ కాపీ తీసేయకూడదు.

'ఐ అగ్రీ' చదవకుండా నొక్కే అలవాటు నాకూ ఉండేది, దాచను. కానీ కంపెనీలు ఇప్పుడు తమ సాఫ్ట్‌వేర్‌లో ఏ భాగం ఏ లైసెన్స్‌తో వచ్చిందో చిట్టా రాసుకుంటున్నాయి. ఆ చిట్టా రాయగల ఫ్రెషర్ కావాలి వాళ్లకు. దీనికి హైదరాబాద్‌లో కోచింగ్ అక్కర్లేదు, ఒక ల్యాప్‌టాప్, నెట్ చాలు.

ఈ ఆదివారం సురవరం ఫాంట్‌తోనే మొదలుపెట్టండి. డెబ్ ప్యాకేజీ కట్టండి. అందులో 'కాపీరైట్' అనే ఫైల్ ఒకటి ఉంటుంది. హక్కుదారు ఎవరు, ఏ సంవత్సరం, ఏ లైసెన్స్ అన్నది కాపీ కొట్టకుండా, ఫాంట్‌తో వచ్చిన లైసెన్స్ ఫైల్ చదివి మీరే నింపండి. తర్వాత 'లింటియన్' నడపండి, తప్పులుంటే అదే చూపిస్తుంది. గిట్‌హబ్‌లో పెట్టాల్సింది ఆ ప్యాకేజీని.