‘జాయిన్ చేయు’ భాష

మన యిండ్లలో నిప్పు డొక క్రియ రాజ్యమేలుచున్నది. పిల్లవానిని బడిలో ‘జాయిన్ చేయుదురు’. తెగిన తీగను, చినిగిన గుడ్డను, విరిగిన కుర్చీకాలిని, తుదకు విడిపోయిన యన్నదమ్ములను గూడ ‘జాయిన్ చేయుదురు’. చదువుకొన్న గృహస్థులే యీ మాటను ముందుగా నేర్చి బిడ్డలకు నేర్పుచున్నారు. దీనిని ఖండింపక మాకు తప్పదు.

పరభాషాపదములపై మాకు ద్వేషము లేదు. కలము అరబ్బీనుండియు, కాగితము పారసీకమునుండియు, రైలు ఆంగ్లమునుండియు వచ్చినవి. అవి క్రొత్త వస్తువులతో వచ్చి మన సంపదను పెంచినవి. ‘జాయిన్ చేయు’ అట్టిది కాదు. అది క్రొత్త పని నేదియు తేలేదు. ఉన్న పది క్రియలను వెడలగొట్టి వాని చోట కూర్చున్నది.

ఆ క్రియ లెట్టివో చూడుడు. చిత్తూరు సీమ తోటమాలి మామిడిమొక్కకు మేలుజాతి కొమ్మను అంటు కట్టును. నేతగాడు పాత పడుగుకొసలకు క్రొత్త పోగులను అతుకును. తిరుపతిలో మాలలు కట్టువారు పూలను గుచ్చుదురు, అల్లుదురు. దర్జీ కుట్టును, బాలుడు లెక్కలను కూడును, తల్లి పెరుగన్నము కలుపును. అంటు కట్టినది జీవము పట్టి కాపు కాయును. కుట్టినదానిని విప్పవచ్చును. కలిపినదానిని మరల విడదీయలేము. ఈ భేదములే జ్ఞానము. మాట పోయిన యింట ఈ జ్ఞానమును బిడ్డకు చెప్పుట కేమి మిగులును?

‘ఆంగ్లము రావలదా?’ అని కొంద రడుగుదురు. రావలెను. కాని ఆంగ్లేయుడు సయితము అన్నిటికి నొకే మాట వాడడు. మామిడికి ‘గ్రాఫ్ట్’, లోహమునకు ‘సోల్డర్’, త్రాటికి ‘స్ప్లైస్’ అనును. మన బిడ్డలకు అవియు రావు, ఇవియు రావు. రెండు భాషలలోను వారిని బీదలను చేయుట యే విద్య?

పొరుగున కడపలో పనిచేసిన బ్రౌనుదొర మన మాటల నేరి కూర్చిన నిఘంటువు 1852లో అచ్చయినది. పరదేశి యేరినవానిని మనము పారవేయుచున్నాము. 1966లో అధికారభాషాచట్టము వచ్చినది. 2008లో ప్రాచీనభాష యను గౌరవము దక్కినది. కాని వంటింటి మాటను కాపాడుట ప్రభుత్వముల తరము కాదు.

కావున తల్లిదండ్రులారా! బిడ్డ ‘జాయిన్ చేసితిని’ అన్నప్పుడు కోపింపకుడు. ‘ఎట్లు? కుట్టితివా, అతికితివా, ముడి వేసితివా?’ అని యడుగుడు. వాడు చేసిన పనిని తలచుకొని బదులు చెప్పును. ఆ బదులులో మన మాట బ్రతుకును.