బర్మింగుహాము పట్టణమును చూడవచ్చువారికి

అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణభాగమున, అలబామా రాష్ట్రములో, బర్మింగుహాము అను మధ్యమనగరము కలదు. ఇంగ్లండులోని పరిశ్రమనగరము పేరునే దీనికి బెట్టిరి. 2020వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఇందు సుమారు రెండు లక్షల జనులుండిరి. నేనీ పట్టణవాసిని. మన పాఠశాలలో చదివి యీ దేశమునకు వచ్చువారు "మీ యూర చూడదగిన వేవి?" యని నన్నడుగుచుందురు. వారికి చెప్పు మాటనే యిచ్చట వ్రాయుచున్నాను. ఊరి సొగసును చూపి దాని గాయమును దాచువాడు అతిథిని సగము దారిలో విడిచినవాడే యని నా యభిప్రాయము.

వేసవిలో ఉక్క మెండు. కావున వసంతముననో, శరత్తుననో రావలెను. రెండు దినములు చాలును. మొదట రెడ్ మౌంటెన్ అను కొండ నెక్కుడు. రోమకుల పురాణములలో అగ్నికిని కమ్మరపనికిని అధిదేవతయైన వల్కనుని విగ్రహ మచ్చట నిలిచియున్నది. 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శనమునకై మొరెట్టి యను శిల్పి దీనిని పోత యినుముతో చేయించెను. ఎత్తు 56 అడుగులు. అచ్చటినుండి చూచిన పట్టణమంతయు కన్నులయెదుట పఱచినట్లుండును. ఇనుపరాయి, బొగ్గు, సున్నపురాయి మూడును చేరువలో దొరకుటచే, 1871లో పుట్టిన యీ యూరు ఇంద్రజాలమువలె పెరిగెను.

పిమ్మట స్లాస్ కొలుములకు పొండు. 1882 మొదలు 1971 వఱకు అచ్చట ఇనుము కరగించిరి. ఇప్పు డది ప్రదర్శనశాల. అచ్చట నల్లవారికిని తెల్లవారికిని స్నానపుగదులు సయితము వేఱుగా నుండెడివి. వేడిమిలో చేయు కఠినమైన పనులు నల్లవారికే దక్కెడివి.

ఆకలియైనచో "మీట్ అండ్ త్రీ" భోజనశాలలు కలవు. ఒక మాంసమును, మూడు కూరలను మన మేరుకొనవచ్చును. బెండకాయ వేపుడు చూచిన తెలుగువానికి ప్రాణము లేచివచ్చును. అయితే కూరలలో పందిమాంసము వేయు వాడుక గలదు గనుక శాకాహారులు ముందుగా నడిగి తెలిసికొనవలెను.

రెండవ దినమంతయు నగరమధ్యమునకే కేటాయింపుడు. 1963 మే నెలలో వేయిమందికి పైగా పాఠశాలల పిల్లలు, జాతిభేదపు కట్టుబాట్లు తొలగవలెనని, తరగతులు విడిచి వీథులకు వచ్చిరి. అధికారులు వారిని వందలకొలదిగా చెఱలో నుంచిరి, కుక్కలను ఉసికొల్పిరి, నీటిగొట్టములతో కొట్టిరి. కెల్లీ ఇంగ్రాము తోటలో ఆ కుక్కల లోహవిగ్రహములు దారి కిరువైపుల నుండి మీదికి దుమికుచున్నట్లు నిలిచియున్నవి. వాని నడుమనుండియే మనము నడువవలెను.

తోట కెదురుగా పదునాఱవ వీథి బాప్తిస్టు దేవాలయము. అదే సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీ ఆదివారమున అచ్చట బాంబు ప్రేలి నలుగురు బాలికలు మరణించిరి. ముగ్గురికి పదునాలు గేండ్లు, ఒకతెకు పదునొకండు. వేల్సు దేశపు ప్రజలు చందాలు పోగుచేసి 1965లో ఈ దేవాలయమునకు నల్లని క్రీస్తు రూపముగల గాజు కిటికీ నంపిరి. ఒక్కొక్కరు అర క్రౌను నాణెమునకు మించి యీయరాదని నియమము పెట్టుకొనిరి. లోపల చూడగోరువారు దర్శనవేళలను ముందుగా విచారింపవలెను. ప్రక్కనే 1992లో తెఱచిన పౌరహక్కుల సంస్థలో ఈ చరిత్రమంతయు చూడవచ్చును.

"పాతపుండును పరులకు చూపనేల?" యని కొంద రందురు. ఆ నలుగురి హత్యకు మొదటి శిక్ష 1977లో గాని పడలేదు. తక్కిన యిరువురు దోషులకు 2001, 2002 సంవత్సరములలో పడెను. ఊరు నోరు మూసికొన్న కాలమంతయు దోషులు స్వేచ్ఛగా తిరిగిరి. పుండును మూసినచో మానునన్న వాద మిచ్చట చెల్లలేదు.

విద్యార్థులారా! మీ యూరికి అతిథి వచ్చినపుడు గుడిని, చెఱువును, సంతను చూపుదురు గదా? ఒకప్పుడు కొందఱిని నీరు తోడనీయని బావి యున్నచో దానిని గూడ చూపి, అది యెట్లు మారెనో, మారకున్నచో ఏల మారలేదో చెప్పుడు. మీ రీ పట్టణమునకు వచ్చినపుడు కొండకును తోటకును నేనే వెంటబెట్టుకొని పోయెదను.