సోదాకు కాగితం అడిగితే దొంగకు వత్తాసా?

2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు ఐబొమ్మ అనే పైరసీ సినిమాల సైటు నిర్వాహకుడని చెబుతున్న వ్యక్తిని అరెస్టు చేశాక తెలుగువాళ్లు రెండు జట్లయ్యారు. అతన్ని పేదల పాలిటి హీరోను చేసినవాళ్లు ఒక జట్టు. వాళ్లతో నాకున్న తగువు చిన్నదే. పదిమంది చెమటోడ్చి తీసినదాన్ని పరాయివాడు పంచిపెట్టి, పక్కన బెట్టింగు యాప్‌ల ప్రకటనలు వేసుకుంటే అందులో దానగుణం ఎక్కడుందో నాకు కనబడదు. రెండో జట్టు వాదన వేరు. పైరసీ అనే మాట వినబడితే చాలు, పోలీసు ఏ తలుపైనా తోసుకుని పోవచ్చు, వారెంటూ గీరెంటూ అంటే దొంగకు టైమిచ్చినట్టే అంటారు వీళ్లు. నా అసలు పేచీ వీళ్లతోనే. ఎందుకంటే ఈ వాదన ఎప్పుడో గెలిచి, చట్టంలో కూర్చుని ఉంది.

కాపీరైటు చట్టం 1957లో వచ్చినప్పుడు 64వ సెక్షనులో ఒక అడ్డుకట్ట ఉండేది. మేజిస్ట్రేటు నేరాన్ని పరిగణనలోకి తీసుకున్నాకే పోలీసు సరుకు జప్తు చేయాలి. 1982 ఏషియాడ్ రోజుల్లో కలర్ టీవీలు, వీసీఆర్‌లు వచ్చాయి. వీధివీధినా వీడియో లైబ్రరీలు లేచాయి, నిర్మాతలు గగ్గోలు పెట్టారు. 1984 సవరణతో ఆ అడ్డుకట్ట తీసేశారు. అప్పటినుంచి నేరం జరిగిందని, జరుగుతోందని, చివరికి జరిగే అవకాశం ఉందని ఒక ఎస్సైకి ‘తృప్తి’ కలిగితే చాలు. దొంగ కాపీలను, వాటిని తయారుచేసే సామగ్రిని ఎక్కడున్నా వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. ఆ తృప్తి ఎందుకు కలిగిందో ముందుగా రాసిపెట్టాలన్న షరతు ఆ సెక్షనులో లేదు. రాజస్థాన్‌లో ఒక వీడియో లైబ్రరీ యజమాని దీన్ని సవాలు చేస్తే, తృప్తి అంటే ఎస్సై ఇష్టారాజ్యం కాదు, దానికి ఆధారం ఉండి తీరాలి అని చెప్పి హైకోర్టు పిటిషను కొట్టేసింది. మాట బాగానే ఉంది. కానీ కాగితం మీద లేని ఆధారాన్ని తరవాత ఎవరు తూస్తారు? 2022లో సుప్రీంకోర్టు నిట్ ప్రో కేసులో కాపీరైటు ఉల్లంఘన కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్ అని తేల్చేసింది. అంటే సరుకుతో పాటు మనిషినీ వారెంటు లేకుండానే తీసుకుపోవచ్చు.

ఇది ఎవరి నెత్తిన పడుతుందో చూడాలంటే హైదరాబాద్ వదిలి కర్ణాటకలోని బీదర్ జిల్లా చింతకి దాకా రావాలి. ఔరాద్ తాలూకాలో తెలంగాణ పొలిమేరకు దగ్గరగా ఉన్న ఊరు. 1956కు ముందు ఇటు ఔరాద్, అటు నారాయణఖేడ్, జహీరాబాద్ అన్నీ హైదరాబాద్ రాష్ట్రంలో ఒకే బీదర్ జిల్లా. మధ్యలో గీత గీశారు గానీ తెలుగు ఇటువైపు మిగిలే ఉంది, సినిమా పిచ్చితో సహా. ఇక్కడి పల్లెల్లో మొబైల్ షాపంటే రీచార్జి, స్క్రీన్ గార్డు మాత్రమే కాదు. జిరాక్సు, పాస్‌పోర్టు ఫోటో, పహణీ ప్రింటు, కులం-ఆదాయం సర్టిఫికెట్టుకు దరఖాస్తు, అన్నీ ఒకే సీపీయూ మీద జరుగుతాయి. ఫోను చిప్పులో పాటలెక్కించడం వాటిలో ఒక పని. జియో వచ్చాక ఆ గిరాకీ కూడా సన్నబడింది.

అలాంటి షాపువాడు ఎవడో అడిగితే ఒక కొత్త సినిమా ఎక్కించాడనుకుందాం. తప్పే. ఎస్సై వస్తాడు, పంచనామా రాస్తారు: సీపీయూ ఒకటి, కార్డు రీడరు ఒకటి, పెన్ డ్రైవులు రెండు, యజమాని ఫోను ఒకటి. సినిమా ఒక్క ఫైలు. దానితో పాటు స్టేషనుకు వెళ్లేవేమిటి? ప్రింటు కోసం జనం వాట్సాప్‌లో పంపిన ఆధార్ బొమ్మలు, ఎవరో ఆడపిల్ల కాలేజీ అప్లికేషను ఫోటో, అన్నదమ్ముల భూతగాదా కాగితాలు, చెరిపేయడం మరిచిన బ్యాంకు పాసుబుక్కు. 1984లో ఎస్సై షెల్ఫులోంచి తీసుకుపోయింది క్యాసెట్లను. వాటిలో సినిమా తప్ప మరేమీ ఉండేది కాదు. ఇప్పుడు అదే సెక్షను ఊరి సగం బతుకును మూటగట్టి తీసుకుపోనిస్తోంది. జప్తయిన కాపీల్లో, సామగ్రిలో హక్కున్నవాళ్లు 15 రోజుల్లో మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకోవచ్చని చట్టం అంటుంది. మరి ఆధార్ పంపిన మనిషి? అతనికి ఆ సీపీయూలో హక్కేమీ లేదు. తన కాగితం స్టేషనులో ఉందన్న సంగతే అతనికి తెలియదు.

గంజాయి కేసుతో పోల్చి చూడండి. మాదకద్రవ్యాల చట్టం 42వ సెక్షను ప్రకారం అధికారి తనకందిన సమాచారాన్ని రాతలో పెట్టాలి. పొద్దుగూకాక వారెంటు లేకుండా ఇంట్లో సోదా చేయాలంటే కారణాలు ముందే రాయాలి. ఒంటిమీద తనిఖీ చేసేటప్పుడు, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో జరగాలని అడిగే హక్కు 50వ సెక్షను ఇస్తుంది. ట్రేడ్‌మార్కుల చట్టంలో వారెంటు లేని సోదాకు డీఎస్పీ స్థాయి కావాలి, రిజిస్ట్రారు అభిప్రాయం కూడా తీసుకోవాలి. నకిలీ సబ్బులు అమ్మేవాడికి డీఎస్పీ, గంజాయి అమ్మేవాడికి రాతపూర్వక కారణం, పాటలెక్కించేవాడికి ఎస్సై తృప్తి. ఈ వరస పెట్టినవాళ్లకు నేరాల తూకం తెలుసని నేననుకోను.

ఈ జబ్బు కాపీరైటుకు పుట్టుకతో ఉంది. 1557లో లండన్‌లోని పుస్తక వ్యాపారుల సంఘానికి, స్టేషనర్స్ కంపెనీకి, రాణి ఇచ్చిన పట్టాలో అచ్చుయంత్రాల ఇళ్లు సోదా చేసే అధికారం కూడా కలిపి ఇచ్చారు. 1662 లైసెన్సింగు చట్టం దాన్ని ఇంకా పెంచింది. దొంగ పుస్తకాల కోసమని తలుపు తట్టినవాళ్లే రాజుకు నచ్చని పుస్తకాల్నీ ఏరుకుపోయారు. 1695లో ఆ చట్టం కాలం తీరాక పార్లమెంటు దాన్ని మళ్లీ బతికించలేదు. 1710లో రచయితలకు హక్కులిచ్చే చట్టం చేశారు. సోదా అధికారం పోయిందని ఇంగ్లండులో పుస్తక వ్యాపారం కూలిపోలేదు.

అంత దూరం ఎందుకు, మన దగ్గరే ఒక తీర్పుంది. స్టాంపు సుంకం ఎగవేతను పట్టడానికని 1986లో ఆంధ్రప్రదేశ్ స్టాంపు చట్టం 73వ సెక్షనును సవరించింది. కలెక్టరు అధికారమిచ్చిన ఏ మనిషైనా ఏ చోటుకైనా వెళ్లి, బ్యాంకులోనైనా సరే, కాగితాలు చూసి పట్టుకుపోవచ్చన్నది. అప్పుడూ ఇదే వాదన: ఎగవేతదారుకు ముందుగా తెలిస్తే కాగితం మాయమవుతుంది. కెనరా బ్యాంకు కేసులో ముందు హైకోర్టు, 2004లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేశాయి. అనుమానానికి సహేతుకమైన కారణం ఉండాలని గాని, దాన్ని రాయాలని గాని ఆ సెక్షను అడగలేదన్నదే ముఖ్యమైన అభ్యంతరం. 64వ సెక్షనులో ఉన్న లోపానికీ దీనికీ తేడా వెంట్రుకవాసి. పైగా ఇది 2017 పుట్టస్వామి తీర్పుకు ముందటి మాట. గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పాక ఆ తేడా కూడా మిగల్లేదు.

ఎదుటివాళ్ల వాదనల్లో ఒక్కదాన్ని మాత్రం తీసిపారేయలేం. ఫైలు చెరిపేయడానికి రెండు సెకన్లు చాలు, వారెంటు చేతికొచ్చేలోగా అంతా ఖాళీ అవుతుంది. నిజం. కానీ దీనికి దారి మామూలు చట్టంలోనే ఉంది. ఆలస్యమైతే సాక్ష్యం పోతుందనుకుంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 185వ సెక్షను కింద వారెంటు లేకుండానే సోదా చేయవచ్చు. కారణం రాయాలి, సోదాను వీడియో తీయాలి, 48 గంటల్లోగా ఆ రాత నకలు మేజిస్ట్రేటుకు పంపాలి. నాలుగు వాక్యాలు రాయడానికి ఎంతసేపు పడుతుంది? దొంగను పట్టలేకపోయిందీ ఆ నాలుగు వాక్యాల వల్లనేనా? ఐబొమ్మ లాంటి సైటు ఏ పల్లెటూరి డౌన్‌లోడింగ్ షాపులోంచీ నడవలేదు. సర్వర్లు, డొమైన్లు, డబ్బు జాడ వెతికే కేసులకు కావాల్సింది ఓపికైన దర్యాప్తు. తలుపు తోసే అధికారం అక్కడ పనికిరాదు. అది పనికొచ్చేది చిన్న షాపు దగ్గరే, అందుకే అక్కడే వాడతారు.

ఇచ్చిన అధికారం ఇచ్చినచోట ఆగుతుందా అంటే, హైదరాబాద్ వీధుల్లో 2021 అక్టోబరులో చూశాం. గంజాయి వేట పేరుతో దారిన పోయేవాళ్లను ఆపి, ఫోన్లలో ‘గంజా’ అని వెతికించారు. ఆ పనికి ఏ సెక్షను ఆధారమో ఎవరూ చెప్పలేదు. జనం సహకరిస్తున్నారని మాత్రం చెప్పారు. లాఠీ పట్టుకున్న మనిషి ఫోను అడిగితే సహకరించనివాడెవడు! అదే ఏడాది మార్చిలో, వీరేంద్ర ఖన్నా కేసులో కర్ణాటక హైకోర్టు స్మార్ట్‌ఫోను సోదాకు కోర్టు వారెంటు కావాలనీ, అత్యవసరమైతే కారణాలు రాయాలనీ చెప్పింది. చింతకి ఉన్నది ఆ హైకోర్టు పరిధిలోనే. మరి షాపువాడి ఫోనుకు ఉన్న రక్షణ, అదే బల్లమీద ఉన్న సీపీయూకు ఎందుకు ఉండదు?

కర్ణాటకలో ఇంకో సంగతుంది. ఇక్కడి గూండా చట్టం పరిధిలో వీడియో, ఆడియో పైరేట్లూ ఉన్నారు, 2014 సవరణతో ‘డిజిటల్ నేరస్థుల’నూ చేర్చారు. ఆ జాబితాలో యాసిడ్ దాడి చేసినవాళ్లు, లైంగిక దోపిడీదారులు ఉన్నారు. విచారణ లేకుండా ఏడాది దాకా లోపల పెట్టవచ్చు. తెలంగాణలో ఇలాంటిదే అయిన పీడీ (ముందస్తు నిర్బంధ) చట్టాన్ని ఎడాపెడా వాడుతున్నారని సుప్రీంకోర్టు 2022లోనూ, 2023లోనూ మందలించింది. ముందస్తు నిర్బంధానికి పునాది పోలీసు రాసిన అనుమానమే. ఆ అనుమానానికి ముడిసరుకు కారణం రాయని సోదాలోంచి వస్తే, కింద ఎస్సై తృప్తి, పైన అధికారి తృప్తి, మధ్యలో న్యాయమూర్తి అనేవాడు నిర్బంధాన్ని పరిశీలించే సలహామండలి దాకా కనబడడు.

నిర్మాతల మండళ్లు కేంద్రాన్ని కలిసిన ప్రతిసారీ శిక్షలు పెంచమని అడుగుతాయి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం మార్చి జరిమానాను ఆడిట్ చేసిన నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా తీసుకెళ్లారు కూడా. ఆ పెంపుతో నాకు తగాదా లేదు. ఈసారి వెళ్లినప్పుడు 64వ సెక్షనులో కారణం రాయాలని, సోదాను వీడియో తీయాలని, జప్తు చేసిన సీపీయూలోంచి సినిమా ఫైళ్లకు నకలు తీసుకుని యంత్రాన్ని గడువులోగా తిరిగివ్వాలని కూడా అడగమనండి. అడిగితే వాళ్లకు నష్టమేమిటో ఎవరైనా చెబితే వింటాను.