కట్టిన చోటే విప్పాలి

వెబ్ పేజీలో బొత్తాము నొక్కితే ఏం జరగాలో చెప్పడానికి రెండు దారులున్నవి. బొత్తాము ట్యాగులోనే ‘ఆన్‌క్లిక్’ అని ఆజ్ఞ రాసెయ్యడం ఒకటి. జావాస్క్రిప్ట్ చేత ‘యాడ్ ఈవెంట్ లిజనర్’ అని విడిగా తగిలించడం రెండోది. 1995లో జావాస్క్రిప్ట్ పుట్టిననాటి దారి మొదటిదే. రెండోది 2000లో ప్రమాణంగా స్థిరపడింది.

తగిలించడం సరే, తీయడమెలా? ‘రిమూవ్ ఈవెంట్ లిజనర్’ విడిగా తగిలించినదాన్నే తీస్తుంది. ట్యాగులో రాసినదాని జోలికి పోదు. పోలేదని మనకు చెప్పనైనా చెప్పదు! ఆన్‌క్లిక్‌ను ‘నల్’ చేస్తే పని ఆగుతుంది గాని, రాత అలాగే వుంటుంది. ఆ ట్యాగుకు నకలు తీశారా, నకలులో ఆజ్ఞ మళ్ళీ లేచి కూర్చుంటుంది. అంచేత నేను ‘రిమూవ్ యాట్రిబ్యూట్’తో రాతనే తుడిచేస్తాను.

ఇంత చిన్నదానికి ఇంత హడావుడి ఎందుకండీ అంటారా? 2010 సెప్టెంబరు 21న ట్విట్టర్‌లో జరిగింది వినండి. కొందరు తమ సందేశాల్లో ‘ఆన్‌మౌస్ఓవర్’ ఆజ్ఞను దూర్చారు. నొక్కనక్కరలేదు, మౌసు బాణం మీదుగా పోతే చాలు, ఆ సందేశం చూసినవారి పేరుతోనే మళ్ళీ బయలుదేరేది. బ్రిటన్ మాజీ ప్రధాని గోర్డన్ బ్రౌన్ భార్య శారా బ్రౌన్ ఖాతా కూడా దీని బారిన పడింది. రాసింది ఎవరో, పేరు పోయింది ఇంకెవరిదో!

కనుక ఇతరుల రాతను పేజీలో పెట్టకముందే జల్లెడ పట్టాలి. పెట్టాక ఏరుదామంటే కుదరదు. బొమ్మ దొరకలేదనగానే దాని ‘ఆన్ఎర్రర్’ తన పని కానిచ్చేస్తుంది. ముందు ఆ రాతను ‘డామ్ పార్సర్’లో విడిగా విప్పుతాను; అక్కడ ఆజ్ఞలు నడవవు. ప్రతి ట్యాగులోనూ ‘ఆన్’తో మొదలయ్యేవన్నీ చివరినుంచి మొదటికి తీసుకుంటూ వస్తాను. ముందునుంచి తీస్తే, వరసలో ఒకరు తప్పుకోగానే వెనకవారు ముందుకు జరిగినట్లు, తరవాతది ఖాళీలోకి జరిగి మన కన్ను కప్పుతుంది. లంకెల్లో ‘జావాస్క్రిప్ట్’ అని మొదలయ్యే చిరునామాలనూ వదలకూడదు. ఇదంతా చేత్తో చెయ్యలేనివారికి ‘డామ్ ప్యూరిఫై’ అనే తయారు జల్లెడ వుంది.

ఆపైన ‘కంటెంట్ సెక్యూరిటీ పాలసీ’ అనే కట్టడి వుంది. అది గట్టిగా పెడితే, ట్యాగులో దాగిన ఆజ్ఞలను బ్రౌజరే నడవనివ్వదు. కాని దానికి తనవారు, పరాయివారు అన్న భేదం లేదు. మీరు రాసుకున్న ఆన్‌క్లిక్‌లు కూడా ఆగిపోతాయి. ముందు వాటిని తీసి విడిగా తగిలించండి, తరవాతే కట్టడి పెట్టండి.