వ్యవసాయ అధికారి కుర్చీలో కూలీ బిడ్డ ఎందుకు కూర్చోవాలి?

మన హాస్టళ్ళలో ఏ గదికి వెళ్ళి "చదువుకుని ఏమవుతావు?" అని అడిగినా వచ్చే జవాబులు నాలుగైదే. డాక్టరు, ఇంజనీరు, పోలీసు, టీచరు, కలెక్టరు. వీటికి తోడు సాఫ్ట్‌వేరు. "వ్యవసాయ అధికారిని అవుతాను" అనే గొంతు మాత్రం చాలా అరుదు. విచిత్రమేమిటంటే, మనం ఆ జవాబులు చెప్పే సమయానికి మన అమ్మానాన్నల్లో చాలామంది ఏదో ఒక చేలో వంగి ఉంటారు. నాట్లు వేస్తూనో, మిరపకాయలు కోస్తూనో, పత్తి తీస్తూనో, వీపున స్ప్రేయరు తగిలించుకుని మందు కొడుతూనో ఉంటారు. అన్నం పెట్టే పని గురించి ఇంత తెలిసిన పిల్లలం ఆ పనిని నడిపించే ఉద్యోగం గురించి ఎందుకు ఆలోచించడం లేదు?

ఈ వ్యాసం రాస్తున్న మాలో కొందరం ఈ హాస్టల్లోనే చదివి ఇప్పుడు బి.ఎస్సీ. అగ్రికల్చర్ చదువుతున్నాం. కొందరం వ్యవసాయ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేస్తున్నాం. ఒకరిద్దరం ఉద్యోగ పరీక్షలకు తయారవుతున్నాం. మాకు తెలిసిన నాలుగు మాటలు, మా అభిప్రాయం, తమ్ముళ్ళతో చెల్లెళ్ళతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

మట్టి నుంచి బయటపడటమే చదువా?

ఈ మాట ఎత్తగానే ఇంట్లో మొదట వచ్చే అభ్యంతరం మాకు తెలుసు. "మేం మట్టి పిసుక్కుంది చాలదా? నువ్వు కూడా పొలానికే వస్తావా?" అంటారు పెద్దవాళ్ళు. వాళ్ళ మాటను తీసిపారేయలేం. తరతరాలుగా ఒకరి పొలంలో వంగిన నడుము, తన బిడ్డ నిటారుగా నిలబడాలని కోరుకోవడంలో తప్పేముంది?

కానీ వ్యవసాయ కూలి వేరు, వ్యవసాయ విద్య వేరు. కూలి నుంచి మనం బయటపడవలసిందే. అయితే పొలం గురించి నిర్ణయాలు జరిగే చోటు నుంచి కూడా మనం వెళ్ళిపోతే, ఆ నిర్ణయాలు మన వాళ్ళ కష్టం చూడనివాళ్ళ చేతుల్లో ఉండిపోతాయి. ఏ విత్తనం సబ్సిడీకి వస్తుంది, ఏ పేరు పంట నమోదులోకి ఎక్కుతుంది, నకిలీ మందు అమ్మిన కొట్టు మీద కేసు పడుతుందా లేదా, ఇవన్నీ కాగితం మీద తేలే విషయాలు. ఆ కాగితం మీద సంతకం పెట్టే మనిషికి చేను తెలిసి ఉండాలి. చేలో పనిచేసే మనిషి కూడా తెలిసి ఉండాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో సొంతంగానో కౌలుకో సేద్యం చేసేవాళ్ళు సుమారు 11.9 కోట్లు. వ్యవసాయ కూలీలు 14.4 కోట్లు. అంటే రైతుల కంటే కూలీలే ఎక్కువ. అయినా "రైతు సదస్సు" అని విన్నాం గాని, "కూలీల సదస్సు" అని ఏ ఊళ్ళోనైనా విన్నామా? పగలు పదకొండు గంటలకు సమావేశం పెడితే ఆ వేళకు కూలీలందరూ పనిలో ఉంటారు. కూలి వదులుకుని ఎవరొస్తారు? సాయంత్రం పనులు ముగిశాక, మన పేటలోనే పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన కూలి ఇంట్లో పుట్టినవాళ్ళకు చప్పున తడుతుంది.

అంబేద్కర్ రాసిన ఒక వ్యాసం

ప్రతి హాస్టల్లోనూ బాబాసాహెబ్ పటం ఉంటుంది. ఆయన రాజ్యాంగం రాశారని ఒకటో తరగతి పిల్లలకూ తెలుసు. ఆయన వ్యవసాయం మీద రాశారని మనలో ఎంతమందికి తెలుసు? 1918లో, ఇరవై ఏడేళ్ళ వయసులో, భారతదేశంలోని చిన్న కమతాల సమస్య మీద ఆయన ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. ముక్కలైన భూములను ఒకచోట చేర్చి కమతాన్ని పెద్దది చేస్తే సరిపోతుందని అప్పట్లో పండితులు అనేవారు. కమతం పెద్దదా చిన్నదా అన్నది ఎకరాలను బట్టి మాత్రమే తేలదనీ, దాని మీద పెట్టే పెట్టుబడి, పనిముట్లు, శ్రమలను బట్టి తేలుతుందనీ ఆయన వాదించారు. భూమి మీద ఆధారపడిన అదనపు జనానికి పరిశ్రమల్లో పని చూపించాలన్నారు. 1937లో బొంబాయి శాసనసభలో, కొంకణ ప్రాంతపు రైతులను పీడించిన ఖోతీ పద్ధతి రద్దుకు బిల్లు పెట్టిందీ ఆయనే.

ఇది ఎందుకు చెబుతున్నామంటే, వ్యవసాయ శాస్త్రం మనకు పరాయిది కాదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో 86 శాతం చిన్న, సన్నకారు కమతాలే. వందేళ్ళ క్రితం ఆయన పట్టుకున్న ప్రశ్న ఇంకా మన ముందే ఉంది.

ఆ ఉద్యోగంలో ఏముంది?

మన రాష్ట్రంలో మండల స్థాయిలో వ్యవసాయ శాఖ తరఫున పనిచేసేది వ్యవసాయ అధికారి. పైన డివిజన్‌లో సహాయ సంచాలకులు, జిల్లాలో జిల్లా వ్యవసాయ అధికారి. కింద ఊళ్ళలో, 2019లో సచివాలయాలతో పాటు వచ్చిన వ్యవసాయ సహాయకులు. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై, 2024లో రైతు సేవా కేంద్రాలుగా పేరు మారినవి మనం రోజూ చూస్తున్నవే.

వ్యవసాయ అధికారి అంటే రైతుకు సలహా చెప్పే మనిషి మాత్రమే అనుకుంటాం. ఆ ఉద్యోగానికి చట్టం ఇచ్చిన బలం కూడా ఉంది. 1966 విత్తన చట్టం, 1968 పురుగుమందుల చట్టం, 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద దుకాణాలను తనిఖీ చేయవచ్చు, నమూనాలు తీసి ప్రయోగశాలకు పంపవచ్చు, నాసిరకం సరుకు అమ్మకం ఆపించవచ్చు. విత్తనం మొలవకపోతే మొదట మునిగేది ఎవరు? అప్పు తెచ్చి కౌలుకు దిగిన మనిషి. పంట పోతే కోత పని కూడా ఉండదు కాబట్టి కూలీ కూడా మునుగుతాడు.

కౌలుదారుల సంగతి చూడండి. వాళ్ళ కోసం 2011లో ఒక చట్టం, 2019లో మరో చట్టం వచ్చాయి. 2019 చట్టంలో భూయజమాని అంగీకారం కావలసి ఉండటంతో చాలామంది కార్డుకు దూరంగా ఉండిపోయారు. పొలంలో దిగి చూడకుండా పాస్ పుస్తకం చూసి పంట నమోదు చేస్తే, బీమా, నష్టపరిహారం భూమి ఉన్నవారికి పోతాయి. పంట వేసినవారికి అప్పు మిగులుతుంది. "ఎద్దు పుండు కాకికి ముద్దా?" అని సామెత. కౌలు ఇంట్లో పెరిగిన అధికారికి ఆ పుండు నొప్పి తెలిసి ఉంటుంది.

మందు కొట్టే పని ఇంకొక ఉదాహరణ. పురుగుమందు డబ్బా మీద ఒక గుర్తు ఉంటుంది. అందులోని త్రిభుజం ఎరుపు రంగులో ఉంటే అత్యంత విషపూరితం. తర్వాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. డబ్బా కొనేది రైతు, మందు కలిపి కొట్టేది చాలాసార్లు కూలీ. ఆ రంగుల అర్థం కూలీకి ఎవరైనా చెప్పారా? 2021లో గుంటూరు, పల్నాడు ప్రాంతాల మిరప చేలను నల్ల తామర పురుగు ముంచెత్తినప్పుడు రైతులు మందు మీద మందు కొట్టించారు. ఆ మందంతా ఎవరి చేతుల మీదుగా వెళ్ళిందో మనకు తెలుసు. మందు కొట్టే మనిషికి శిక్షణ, చేతి తొడుగులు, ముఖానికి గుడ్డ, ఇవి కూడా వ్యవసాయ శాఖ పనే అని గట్టిగా అనుకునే అధికారులు కావాలి.

చెల్లెళ్ళకు ఒక మాట. నాట్లు, కలుపు, పత్తితీత, మిరపకోత, ఇవన్నీ ఎక్కువగా ఆడవాళ్ళ పనులే. వాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట్లాడే ఆడ అధికారులు ఎంతమంది ఉంటే అంత మంచిది. మోటారు సైకిలు మీద పొలాలు తిరిగే ఉద్యోగం ఆడపిల్లలకెందుకు అనేవారి మాట పట్టించుకోవద్దు. మన అమ్మలు ఆ పొలాలకు నడిచే వెళుతున్నారు.

దారి ఎటు?

పదో తరగతి తర్వాత రెండు దారులున్నాయి. ఒకటి వ్యవసాయ పాలిటెక్నిక్. వ్యవసాయ డిప్లొమా రెండేళ్ళు. అది పూర్తిచేసి గ్రామ స్థాయి ఉద్యోగాలకు పోటీ పడవచ్చు, అగ్రిసెట్ రాసి బి.ఎస్సీ. అగ్రికల్చర్‌లో చేరవచ్చు. రెండోది ఇంటర్‌లో బై.పి.సి. తీసుకుని, ఎంసెట్ పేరు మారి వచ్చిన ఈఏపీసెట్ రాయడం. బి.ఎస్సీ. అగ్రికల్చర్ నాలుగేళ్ళు. 1945లో మొదలైన బాపట్ల కళాశాల, 1961 నాటి తిరుపతి కళాశాల, తర్వాత వచ్చిన నైర, మహానంది కళాశాలలు మన ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందివే. చివరి ఏడాదిలో విద్యార్థులను పల్లెల్లో ఉంచి రైతులతో పని చేయిస్తారు. మిగతావాళ్ళకు అది కొత్త. మనకు అది పుట్టిల్లు.

వ్యవసాయ అధికారి ఉద్యోగానికి ఆ డిగ్రీ ఉండాలి. పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష రాయాలి. పరీక్ష ఎలా ఉంటుందో తెలియడానికి పక్క రాష్ట్రం ఉదాహరణ చెబుతాం. 2022లో తెలంగాణ కమిషన్ 148 వ్యవసాయ అధికారి పోస్టులకు ప్రకటన ఇచ్చింది. జనరల్ స్టడీస్‌కు 150 మార్కులు, డిగ్రీ స్థాయి వ్యవసాయ శాస్త్రానికి 300 మార్కులు. అంటే కాలేజీలో చదివిన నాలుగేళ్ళ చదువే అసలు తయారీ. డిగ్రీ అయ్యాక కోచింగులో కూర్చుని చదవొచ్చులే అనుకుంటే ఆలస్యమైపోతుంది.

తయారీ హాస్టల్ నుంచే మొదలు కావాలి. వరికి ఎకరాకు 40 కిలోల నత్రజని వేయాలంటే యూరియా ఎంత కావాలి? యూరియాలో నత్రజని 46 శాతం, బస్తా 45 కిలోలు. ఒక్కో బస్తాలో 20.7 కిలోల నత్రజని. రెండు బస్తాలకు కొంచెం తక్కువ. ఇది హైస్కూలు శాతాల లెక్కే కదా! వంద విత్తనాలు తడి గోనెపట్టాలో చుట్టి ఎన్ని మొలిచాయో లెక్కపెడితే మొలక శాతం తెలుస్తుంది. వరికి కనీసం 80, వేరుశనగకు 70 ఉండాలి. ఈ పరీక్ష హాస్టల్ వరండాలోనే చేయవచ్చు. ధ్రువీకరించిన విత్తన సంచికి నీలం ట్యాగు ఉంటుందని, సాంబ మసూరిగా మనమెరిగిన బి.పి.టి. 5204 బాపట్లలో పుట్టిందని, స్వర్ణ వరి మారుటేరులో పుట్టిందని తెలుసుకోవడానికి డబ్బు అక్కర్లేదు. విశ్వవిద్యాలయం తెచ్చే వ్యవసాయ పంచాంగం ఒకటి హాస్టల్ లైబ్రరీలో ఉంటే చాలు.

ఇంగ్లీషు గురించి దాచకుండా చెబుతాం. డిగ్రీలో పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్ళకు మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది. మాలో కొందరం ఒక నోటుబుక్కు పెట్టుకుని ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు మన ఊరి మాట రాసుకున్నాం. పురుగు పేరు పుస్తకంలో లాటిన్‌లో ఉంటుంది, కానీ ఆ పురుగును మనం చిన్నప్పుడే చేత్తో ఏరి ఉంటాం. తెలిసిన దానికి కొత్త పేరు నేర్చుకోవడమే కాబట్టి భయపడవద్దు.

పోస్టులు తక్కువ, ప్రకటనలు ఆలస్యం అన్నది కూడా నిజమే. అందుకే ఈ ఒక్క ఉద్యోగం మీదే కూర్చోమని చెప్పడం లేదు. ఇదే డిగ్రీతో బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్ర అధికారి పోస్టులున్నాయి, భారత అటవీ సర్వీసు పరీక్ష రాయవచ్చు, పరిశోధన వైపు వెళ్ళవచ్చు.

మా కోరికలు

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. కాబట్టి అడుగుతున్నాం.

ఒకటి. వ్యవసాయ డిగ్రీ ప్రవేశాల్లో రైతు కోటా ఉంది. దానికి భూమి ఉన్నట్టు పత్రం చూపాలి. పల్లె పిల్లలు వ్యవసాయ విద్యలోకి రావాలన్న ఉద్దేశం మంచిదే. కానీ భూమి లేకుండా భూమి మీదే బతికే కుటుంబం ఏ పత్రం తెస్తుంది? ఎకరం ఉన్న ఇంటి బిడ్డకు పొలం తెలుసని నమ్మినప్పుడు, పది మంది పొలాల్లో పనిచేసిన ఇంటి బిడ్డకు తెలియదని ఎలా అంటాం? ఉపాధి హామీ జాబ్ కార్డు చూసైనా కూలీ కుటుంబాల పిల్లలకు ఈ కోటాలో వాటా ఇవ్వాలి.

రెండు. పాలిటెక్నిక్, ఈఏపీసెట్, అగ్రిసెట్ తేదీలు పదో తరగతి, ఇంటర్ విద్యార్థులున్న ప్రతి హాస్టల్ నోటీసు బోర్డు మీద సమయానికి పెట్టాలి. సమాచారం తెలియక పోయిన సీటు మార్కులు చాలక పోయిన సీటు కన్నా ఎక్కువ బాధపెడుతుంది.

మూడు. ఎస్సీ స్టడీ సర్కిళ్ళలో వ్యవసాయ ఉద్యోగాల పరీక్షలకు కూడా శిక్షణ ఉండాలి.

ఇక మనల్ని మనం అడుగుకోవలసింది కూడా ఒకటుంది. కూలి ఇంట్లో పుట్టినంత మాత్రాన మంచి అధికారి అయిపోరు. జీపు ఎక్కగానే ఊరి పెద్ద ఇంటి ముందే ఆగడం నేర్చుకుంటే, ఆ కుర్చీలో ఎవరున్నా ఒకటే. పరీక్షకు చదివే రోజుల్లోనే సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు అమ్మ వెంట చేనుకు వెళ్ళండి. కూలి ఎంత, మందు ఏది, కౌలు ఎంత, నష్టం ఎవరికి పోయింది అని అడిగి రాసుకోండి. పుస్తకాల్లో దొరకని ఆ పాఠం ఉద్యోగం వచ్చాక రోజూ పనికొస్తుంది.

ఈ ఏడాది పదో తరగతి రాసే తమ్ముళ్ళలో, చెల్లెళ్ళలో కనీసం ఇద్దరు ముగ్గురైనా ఈ దారి ఎంచుకోవాలని కోరుకుంటున్నాం. దరఖాస్తు నింపడం దగ్గర్నుంచి పుస్తకాల దాకా మా వల్ల అయ్యే సాయం చేస్తాం. వచ్చే వార్షికోత్సవానికి మీరే ఈ పేజీలో రాయండి.