ఆ పాటగాడి దేహం ఇంకా ఇంటికి రాలేదు

మా అమ్మమ్మది రంగూన్. మేముండేది విశాఖ బర్మా క్యాంపులో. మయన్మార్ వార్త మాకు పరాయి దేశపు వార్త కాదు.

మయన్మార్ ర్యాపర్ ఫ్యో జేయా థా గురించి చెప్పాలి. 2000లో ఆయన ‘ఆసిడ్’ బృందం తెచ్చిన ఆల్బమ్‌తో బర్మా కుర్రకారుకు సొంత భాషలో హిప్‌హాప్ దొరికింది. సైన్యం ప్రతి పాటనూ సెన్సార్ చేసే రోజులవి. 2007లో సైనిక పాలనపై నిరసనగా బౌద్ధ భిక్షువులు వీధుల్లోకి వచ్చాక మిత్రులతో కలిసి ‘జనరేషన్ వేవ్’ అనే యువజన ఉద్యమ బృందం పెట్టాడు. మరుసటి ఏడాది అరెస్టు, ఆరేళ్ల శిక్ష. 2011లో విడుదలయ్యాడు. ఏడాది తిరక్కుండానే ఆంగ్ సాన్ సూకీ పార్టీ తరఫున గెలిచి పార్లమెంటుకు వెళ్లాడు. అదీ ఎక్కణ్ణుంచి? సైనిక పాలకులు తమకోసం కట్టుకున్న రాజధాని నేపిడా నుంచి! అక్కడి ఉద్యోగులు జైలునుంచి వచ్చిన ర్యాపర్‌కు ఓటేశారంటే, భయం వెనక వాళ్లు ఏం దాచుకున్నారో నాకు అర్థమవుతుంది.

2021లో సైన్యం మళ్లీ అధికారం లాక్కుంది. ఆ ఏడాది నవంబరులో ఆయన్ను పట్టుకుంది. 2022 జూలైలో మరో ముగ్గురితో పాటు మరణశిక్ష అమలు చేసింది. తల్లికి ముందుగా చెప్పలేదు, దేహమూ ఇవ్వలేదు.

మన విదేశాంగ శాఖ తీవ్ర ఆందోళన వెలిబుచ్చింది. నాకది చాలదు. 2021 సైనిక తిరుగుబాటు తర్వాత భారత సంస్థలనుంచి ఆ సైన్యానికి 5.1 కోట్ల డాలర్ల ఆయుధ సామగ్రి చేరిందని ఐక్యరాజ్యసమితి ప్రతినిధి 2023లో నివేదిక ఇచ్చారు. ఆ సరఫరా ఆపాలి. ఆ నలుగురి అవశేషాలను కుటుంబాలకు అప్పగించమని ఢిల్లీ పేరుపెట్టి అడగాలి.