పేరుకే మట్టి... అంతా ఇసుకే!

తెల్లారి ఆరింటికి సబ్బవరంలో బండెక్కితే, పెందుర్తి, ఆనందపురం మీదుగా టిఫిన్ వేళకు భీమిలి చేరుకోవచ్చు. అక్కడ ఇడ్లీలు తినేసి విశాఖ వైపు బీచ్‌రోడ్డు పట్టుకుంటే కాసేపట్లోనే ఎర్రటి గోడలు ఎదురొస్తాయి. అవే ఎర్రమట్టి దిబ్బలు. పాటల చిత్రీకరణల్లో చూసి ఉంటారు. కానీ దారి తెలిసినవాళ్లు వెంట ఉంటేనే వాటి అసలు కథ తెలుస్తుంది. పైగా లోపలికి వెళ్తే మలుపులన్నీ ఒకేలా ఉంటాయి, పిల్లలు తప్పిపోగలరు!

పేరులో మట్టి ఉన్నా ఇదంతా ఇసుకే. మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా నూరు మీటర్లకు పైగా కిందికి దిగిపోయింది. అలా బయటపడ్డ ఇసుకను గాలి ఒడ్డుకు మోసి గుట్టలు పోసిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఇసుకలోని ఇనుప ఖనిజాలు వేల ఏళ్లలో శిథిలమై, రేణువుల చుట్టూ తుప్పులాంటి పూత పట్టింది. ఆ ఎరుపు దానిదే. గోడను జాగ్రత్తగా చూస్తే అడుగున పసుపు, మధ్యలో ఇటుక రంగు, పైన లేత పసుపు పొరలు కనిపిస్తాయి. వాననీళ్లు కోసుకుంటూ పోయి ఇంత లోతు గెడ్డలు చేశాయి.

ఆస్ట్రేలియాలో 'గారి' అని ఓ దీవి ఉంది. నిన్నమొన్నటిదాకా ఫ్రేజర్ ఐలాండ్ అనేవారు, 2023లో ఆదివాసుల పేరు తిరిగి ఇచ్చారు. 123 కిలోమీటర్ల పొడవున్న ఈ ఇసుక దీవి 1992 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. కుళ్లిన ఆకులు అడుగున ఇసుకను గట్టిపరచడంతో అక్కడ దిబ్బల మీదే మంచినీటి సరస్సులు నిలిచాయి. మన దగ్గర నీరు నిలవదు, కోసేస్తుంది.

అందుకే ఈ దిబ్బలు సున్నితం. అంచులెక్కి ఫొటోలకు నిలబడితే కాళ్ల కింద గోడే జారుతుంది. 2014లో వీటిని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. అయినా 2024లో పక్కన తవ్వకాలు సాగడంతో నిరసనలు వచ్చాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి.

నీళ్లు, టోపీ మరిచిపోవద్దు. లోపల నీడ తక్కువ. పది దాటాక ఎండకు ఇసుక కాలుతుంది. అప్పుడు భీమిలికి వెనక్కి వచ్చి గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట కూర్చుంటే సరి.